సమ్మె వద్దన్నవారు చూపని రెండో దారి

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. ఆ ప్రవాహం విజయవాడ దాటి దివిసీమకు చేరి, అవనిగడ్డ పక్కనున్న ఎడ్లంక వంటి లంక గ్రామాలను ముంచింది. నీరు తీశాక మిగిలేది బురద, కుళ్లిన గడ్డి, చచ్చిన పశువులు, పొంగిన మరుగుదొడ్లు, చెడిన తాగునీరు. వరదను చూడటానికి నాయకులు వస్తారు, చిత్రించడానికి కెమెరాలు వస్తాయి. వరద వదిలిపోయినదాన్ని ఎత్తిపోయడానికి వచ్చేది మాత్రం పారిశుద్ధ్య కార్మికులే. ఆ వారం నేను అవనిగడ్డ ప్రాంతంలో ఉన్నాను. మా బంధువర్గంలోని ఒక పెద్దావిడ పక్క మండలంలోని ఓ పంచాయతీలో చెత్త బండి తోస్తుంది. చేతికి తొడుగు లేదు, కాళ్లకు బూట్లు లేవు. మూడు నెలల జీతం బాకీ. “మరి పని మానేసి అడగొచ్చుగా పిన్నీ” అన్నాను, చదువుకున్నవాడి తెలివితో. “మానేస్తే కంపు కొట్టేది మన పేటేరా అబ్బాయ్. పైగా రేపటి నుంచి నువ్వు రావద్దంటారు” అంది.

ఆమె రెండు ముక్కల్లో చెప్పింది కార్మిక న్యాయశాస్త్రంలో ఒక మొండి సమస్య. ప్రజల ప్రాణాలకు, ఆరోగ్యానికి సంబంధించిన పనులు చేసేవారు తమ వేతనం కోసం పని ఆపవచ్చునా? ఆపకూడదంటే, వారి న్యాయం ఎక్కడ తేలాలి? అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, అంబులెన్సు ఉద్యోగులు, నీటి సరఫరా, పారిశుద్ధ్య కార్మికులు అందరూ ఈ ప్రశ్న కిందికి వస్తారు. చాలా దేశాలు దీనికిచ్చిన జవాబు ఒకటుంది. సమ్మె హక్కును పరిమితం చేస్తే దానికి బదులుగా, ఇరుపక్షాలూ కట్టుబడి తీరాల్సిన మధ్యవర్తి తీర్పును ఏర్పాటు చేయాలి. మన దేశంలో మొదటి సగం పక్కాగా అమలవుతోంది. రెండో సగం మాత్రం కొందరికే దక్కింది. ఆ కొందరు ఎవరు, దక్కనివారు ఎవరు అని అడిగినప్పుడు ఇది కార్మిక చట్టాల చర్చగా మాత్రమే మిగలదు, కులం చర్చ అవుతుంది.

ఈ వాదానికి మన దగ్గర ఎనిమిది దశాబ్దాల చరిత్ర ఉంది. 1946 ఏప్రిల్‌లో గాంధీ ‘హరిజన్’ పత్రికలో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెల గురించి రాశారు. తాను సమ్మెలకు వ్యతిరేకిని కాకపోయినా, పాకీ పనివారు ఒక్క రోజు కూడా పని మానరాదని, న్యాయం పొందడానికి వారికి ఇతర మార్గాలు అనేకం ఉన్నాయని ఆయన అభిప్రాయం. ఆ ఇతర మార్గాలు ఏవి? నాటి నుంచి నేటి వరకు పారిశుద్ధ్య కార్మికులు అడుగుతున్నది అదే.

అంతకు ఎనిమిదేళ్ల ముందే అంబేడ్కర్ దీన్ని మరో వైపు నుంచి చూశారు. 1938లో బొంబాయి ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. రాజీ ప్రక్రియ ముగియకుండా సమ్మె చేయడాన్ని అది శిక్షార్హం చేసింది. శాసనసభలో అంబేడ్కర్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. పని మానడం మహా అయితే ఒప్పంద ఉల్లంఘన అవుతుంది, దానికి పరిహారం కోరవచ్చు. దాన్ని నేరంగా మారిస్తే మనిషిని ఇష్టం లేకుండా పనిచేయమని రాజ్యమే బలవంతపెట్టినట్టవుతుంది, అది బానిసత్వమే అవుతుందని ఆయన వాదన. ఆ ఏడాది నవంబరు 7న ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులతో కలిసి ఆ బిల్లుకు వ్యతిరేకంగా ఒకరోజు సమ్మె నడిపింది. గాంధీ చెత్త ఎత్తకపోతే ఊరేమవుతుందని చూశారు. అంబేడ్కర్ ఎత్తేవాడు పని మానలేని స్థితిలో ఉంటే అతడేమవుతాడని చూశారు. నిజానికి రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెంటికీ కలిపి జవాబు చెప్పగలిగే వ్యవస్థను మనం ఇంతవరకు నిర్మించుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ జవాబు లాఠీగానో తూటాగానో వచ్చిన సందర్భాలున్నాయి. 1957 జూలై చివర ఢిల్లీలో సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుల బస్తీలో పోలీసులు కాల్పులు జరిపారు. భూప్ సింగ్ అనే యువకుడు చనిపోయాడు. ఆ తర్వాతి నెలలోనే అత్యవసర సేవల నిర్వహణ చట్టం వచ్చింది. తపాలా ఉద్యోగుల సమ్మె నోటీసు దానికి తక్షణ కారణం. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఐదు రోజులు సమ్మె చేశారు. దాన్ని ఆర్డినెన్సుతో అణచివేసినా, ఆ సమ్మె నుంచి ప్రభుత్వం ఒక పాఠం నేర్చుకుంది. 1966లో కేంద్ర ఉద్యోగుల కోసం సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం, నిర్బంధ మధ్యవర్తిత్వం ఏర్పడ్డాయి. వేతనాలు, భత్యాలు, వారానికి పని గంటలు, సెలవులు అనే అంశాలపై చర్చలు విఫలమైతే వివాదం మధ్యవర్తిత్వ మండలికి వెళ్తుంది. దాని తీర్పు ఉభయులకూ శిరోధార్యం, దాన్ని కాదనే అధికారం పార్లమెంటుకే ఉంటుంది.

అంటే భారత రాజ్యానికి ఈ మార్గం తెలియదని కాదు. ఆరు దశాబ్దాల క్రితమే నిర్మించింది, ప్రభుత్వాన్ని సైతం కట్టిపడేసే తీర్పు సాధ్యమేనని ఒప్పుకుంది. అయితే దాన్ని నిర్మించింది శాశ్వత కొలువు, పే స్కేలు, పెన్షను ఉన్న ఉద్యోగుల కోసం. ఊరి మురికి కాలువలో దిగే కాంట్రాక్టు కార్మికుడి కోసం కాదు.

చట్టం పారిశుద్ధ్య కార్మికుణ్ణి గుర్తించలేదా అంటే, గుర్తించింది. 1952లోనే బెంగాల్‌లోని బడ్జ్‌బడ్జ్ మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు మునిసిపల్ ఉద్యోగుల వివాదం కూడా పారిశ్రామిక వివాదమేనని చెప్పింది. 1978 నాటి బెంగళూరు నీటి సరఫరా సంస్థ తీర్పు ఆ పరిధిని మరింత విస్తరించింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రజా పారిశుద్ధ్యాన్ని ‘ప్రజోపయోగ సేవ’గా స్పష్టంగా పేర్కొంది. ఆ సేవల్లో ఉన్నవారు సమ్మెకు ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక, అది ఉత్తుత్తిదో వేధింపు కోసం ఇచ్చిందో, లేక నివేదించడం తగదో అని ప్రభుత్వం భావిస్తే తప్ప వివాదాన్ని ట్రిబ్యునల్‌కు నివేదించి తీరాలని కూడా ఆ చట్టం చెప్పింది. నోటీసు ఇవ్వడం కార్మికుడి బాధ్యత అయితే, న్యాయస్థానం ముందు పెట్టడం సర్కారు బాధ్యత. ఇందులో మొదటి బాధ్యతను గుర్తుచేసే అధికారులను చాలామందిని చూశాం. రెండోదాన్ని గుర్తుచేసుకున్నవారు అరుదు.

మన రాష్ట్రంలో జరిగినదే చూద్దాం. 2022 జూలై 11న మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. కొత్త వేతనం 15 వేలు చేశామన్న పేరుతో, అంతకుముందు ఇస్తున్న 6 వేల ఆరోగ్య భత్యానికి కోత పెట్టడం వారి ప్రధాన అభ్యంతరం. కొద్ది రోజుల సమ్మె తర్వాత రెండూ కలిపి 21 వేలు ఇవ్వడానికి ప్రభుత్వం అంగీకరించింది. 2023 డిసెంబరు 26న మళ్లీ నిరవధిక సమ్మె. పర్మినెంట్ చేయాలని, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని డిమాండ్లు. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి అప్పటికి మూడు వారాలే అయింది. తుపాను చెత్తను ఎత్తిపోసిన చేతులే సమ్మె శిబిరంలో జెండా పట్టుకున్నాయి. 2024 జనవరి రెండో వారంలో మంత్రుల చర్చలతో ఆ సమ్మె ముగిసింది. ఈ రెండు సమ్మెల్లోనూ వివాదాన్ని తేల్చింది నిష్పాక్షిక తీర్పరి కాదు. వీధిలో చెత్త ఎంత పేరుకుంది, ఎన్నికలు ఎంత దగ్గరలో ఉన్నాయి అన్న లెక్కలే తేల్చాయి.

అదే కాలంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. 11,500 రూపాయల గౌరవ వేతనం పొందుతున్న మహిళలపై 2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఇక్కడ రాజ్యం వేసుకున్న రెండు ముఖాలను గమనించండి. ప్రభుత్వ ఉద్యోగులుగా గుర్తించమంటే ‘మీరు గౌరవ వేతన కార్యకర్తలు, స్వచ్ఛంద సేవకులు’ అంటుంది. పని ఆపితే ‘మీరు అత్యవసర సేవలో ఉన్నారు, ఆపడం నేరం’ అంటుంది. అంతటి అత్యవసరమైన పనికి అంత తక్కువ జీతం ఎందుకో ఏ జీవోలోనూ రాయరు.

తెలంగాణ అనుభవం మరింత సూటిగా పాఠం చెబుతుంది. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. నవంబరులో హైకోర్టు ముగ్గురు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులతో కమిటీ వేసి పరిష్కారం కనుగొందామని సూచించింది. ప్రభుత్వం అంగీకరించలేదు. చివరికి వివాదాన్ని లేబర్ కోర్టుకు పంపాలో లేదో రెండు వారాల్లో తేల్చమని కార్మిక శాఖ కమిషనర్‌కు చెప్పి న్యాయస్థానం తప్పుకుంది. కార్మికులు తమంతట తామే సమ్మె విరమించారు. మధ్యవర్తిత్వానికి ఎవరు భయపడతారన్న సందేహం ఉన్నవారికి ఆ నవంబరు నెల చాలు. బలం ఉన్నవాడికి తీర్పరి అవసరం ఉండదు.

ఇప్పుడు చట్టమే మారింది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇంతకాలం ప్రజోపయోగ సేవలకే ఉన్న 14 రోజుల ముందస్తు నోటీసు నిబంధన ఇప్పుడు పరిశ్రమలన్నింటికీ వర్తిస్తుంది. సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు మూకుమ్మడి సెలవు పెట్టినా సమ్మే అవుతుంది. రాజీ ప్రక్రియ నడుస్తున్నంత కాలం, ట్రిబ్యునల్‌లో వివాదం ఉన్నంత కాలం, అది ముగిశాక మరో 60 రోజులు సమ్మె చట్టవిరుద్ధం. ఇందులో ఒక మంచి కూడా ఉంది. ప్రభుత్వం నివేదించేదాకా ఎదురుచూడకుండా, రాజీ విఫలమైతే ఏ పక్షమైనా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కానీ ‘ఏ పక్షమైనా’ అన్న మాటలో యజమాని కూడా ఉన్నాడు. యజమాని ముందుగా ట్రిబ్యునల్ గడప తొక్కితే సమ్మె తలుపు మూసుకుపోతుంది. తీర్పు వచ్చేదాకా కార్మికుడు అదే జీతానికి పనిచేస్తూ ఉండాలి.

తీర్పు వచ్చాక ఏమవుతుందన్నది అసలు కీలకం. పాత చట్టంలోని 17ఎ సెక్షన్ ప్రకారం, తానే ఒక పక్షంగా ఉన్న వివాదంలో వచ్చిన తీర్పును సైతం ప్రభుత్వం ‘ప్రజా ప్రయోజనం’ పేరుతో అమలు కాకుండా ఆపవచ్చు, తిరస్కరించవచ్చు, మార్చవచ్చు. తన కేసులో తానే తీర్పరి కావడం ఏ న్యాయసూత్రానికీ నిలవదు. దీన్ని సవాలు చేసింది మన తెలుగు నేల కార్మికులే. తెలుగునాడు వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగుల సమాఖ్య వేసిన కేసులో 1997లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ అధికారం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. తర్వాత మద్రాసు హైకోర్టు కూడా అదే దారిలో నడిచింది. అయినా కొత్త కోడ్‌లోని 55వ సెక్షన్‌లో అదే అధికారం మళ్లీ ప్రత్యక్షమైంది. సమ్మె చేయకుండా కార్మికుణ్ణి కట్టేసే తాడు గట్టిది, తీర్పుకు ప్రభుత్వాన్ని కట్టేసే తాడు జారుముడి.

ఈ అసమానతలో కులం ఎక్కడుందని అడిగేవారు ఉంటారు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసేవారి వివరాలను ‘నమస్తే’ పథకం కింద కేంద్ర ప్రభుత్వం సేకరించింది. 2024 నాటికి నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం దళితులు. ఆదివాసులు, వెనుకబడిన కులాలను కలుపుకుంటే 92 శాతం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ పని చేసేవారిని చూసినా రెల్లి, మాదిగ, మాల, యానాది కుటుంబాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఎస్మా పుస్తకంలో కులం పేరు లేదు. కానీ దాని బరువు దిగే వీపులు ఎవరివో ముందే తెలుసు. శాశ్వత మునిసిపల్ ఉద్యోగాలుగా ఉన్నంతకాలం ఈ పనిలో కనీసం ఒక భద్రత ఉండేది. పొరుగు సేవల పేరుతో ఆ ఉద్యోగాలు కరిగిపోయాయి. ఆప్కాస్ వచ్చాక ప్రైవేటు కాంట్రాక్టరు బెడద తగ్గిన మాట నిజమే. కానీ అసలు యజమాని ఎవరన్న ప్రశ్నకు మునిసిపాలిటీ ఆప్కాస్‌ను, ఆప్కాస్ ఆర్థిక శాఖను చూపించే పరిస్థితి పోలేదు.

పంచాయతీల్లో పరిస్థితి మరీ దారుణం. అక్కడి కార్మికులకు గ్రీన్ అంబాసిడర్లని, క్లాప్ మిత్రలని ముద్దు పేర్లు పెట్టారు. చాలాకాలం ఆ రాయబారులకు ఇచ్చింది నెలకు 6 వేలు, అదీ నెలనెలా పడే హామీ లేదు. పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద జమకట్టుకుంటున్నారని సర్పంచులే రోడ్డెక్కిన రాష్ట్రమిది. సర్పంచుకే దిక్కులేని చోట చీపురు పట్టిన మనిషి ఎవరిని అడగాలి?

ఇక్కడ రాజ్యాంగంలోని 23వ అధికరణను మళ్లీ చదువుకోవాలి. అది వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధిస్తుంది. ప్రజా ప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధ సేవ విధించవచ్చని దాని రెండో ఖండిక ఒప్పుకుంటుంది. కానీ ఆ విధింపులో మతం, జాతి, కులం, వర్గం ఆధారంగా వివక్ష చూపరాదని షరతు పెడుతుంది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, ఆకలి వల్ల కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయాల్సి రావడం కూడా బలవంతపు చాకిరీయేనని చెప్పింది. ఈ రెంటినీ కలిపి చదవండి. కనీస వేతనం కూడా దక్కని పని, అది ఆపితే ఎస్మా, చేసేవారిలో అత్యధికులు కొన్ని కులాలవారే. ప్రజారోగ్యం పేరుతో ఇలా నడిచేదాన్ని మా పేటలో పెద్దలు పాత పేరుతోనే పిలుస్తారు: వెట్టి. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత పుట్టినవాణ్ణి నేను. చెట్ల కొమ్మలకు, ముళ్లకంచెలకు చిక్కిన శవాలను తీయడానికి ఎవరు ముందు నడిచారో, ఎవరిని ముందు నడిపారో ఆ పెద్దల నోట విన్నాను. ఆపద వచ్చినప్పుడు మొదట పిలుపు వచ్చే పేట, సాయం వచ్చినప్పుడు చివర గుర్తొచ్చే పేట ఒక్కటే కావడం కాకతాళీయం కాదు.

అమెరికా అనుభవం కూడా ఇటువంటిదే. 1968లో పెన్సిల్వేనియా, 1969లో మిషిగన్ రాష్ట్రాలు పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వివాదాలకు నిర్బంధ మధ్యవర్తిత్వ చట్టాలు చేశాయి. సమ్మె వద్దని, బదులుగా కట్టుబడే తీర్పు ఇస్తామని ఒప్పుకున్నాయి. అదే 1968 ఫిబ్రవరిలో మెంఫిస్ నగరంలో ఇద్దరు నల్లజాతి చెత్త కార్మికులు చెత్త బండి యంత్రంలో నలిగి చనిపోయారు. దాదాపు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగారు. వారికి మధ్యవర్తిత్వం లేదు, కోర్టు నిషేధపు ఉత్తర్వు మాత్రం వచ్చింది. వారికి అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అక్కడే హత్యకు గురయ్యారు. ఆ తర్వాతే నగరం సంఘాన్ని గుర్తించింది. ఊరిని కాపాడేవారిలో సైతం ఎవరికి తీర్పరి దొరుకుతాడో, ఎవరికి లాఠీ దొరుకుతుందో అక్కడ రంగు నిర్ణయించినట్టే ఇక్కడ కులం నిర్ణయిస్తోంది.

అయితే మధ్యవర్తిత్వమే సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. కార్మిక సంఘాల మిత్రులకు దీనిపై న్యాయమైన అనుమానాలున్నాయి. తీర్పు ఎవరో ఇస్తారనుకుంటే సభ్యులను కూడగట్టే శ్రమ సన్నగిల్లుతుంది. రెండు వైపులా బేరసారాలు మానేసి తీర్పరి మీద భారం వేస్తాయి. విశ్రాంత న్యాయమూర్తికి కార్మికవాడ తెలియకపోవచ్చు. ఇవన్నీ నిజం. 2022లో ఆరోగ్య భత్యాన్ని తిరిగి తెచ్చింది సమ్మేనన్నది కూడా నిజం. సమ్మె హక్కు ప్రాథమిక హక్కు కాదని 1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులోను, ప్రభుత్వ ఉద్యోగులకు అసలు ఆ హక్కే లేదని 2003లో రంగరాజన్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పినా, చరిత్రలో కార్మికుడికి దక్కినదాంట్లో ఎక్కువ భాగం సమ్మెల వల్లే దక్కింది.

కానీ మా పిన్ని చెప్పిన మాటను కూడా సంఘాలు వినాలి. పది మంది కూడా లేని పంచాయతీ కార్మికులకు సమ్మె అన్నది కాగితం మీది హక్కు. మచిలీపట్నంలోనో గుడివాడలోనో చెత్త ఆగితే మంత్రి చర్చలకు పిలుస్తాడు. లంక గ్రామంలో ఆగితే మరొకరిని పెట్టుకుంటారు. పారిశుద్ధ్యం ఆగినప్పుడు మొదట జబ్బు పడేదీ కార్మికుల పేటే, ఎందుకంటే కాలువలన్నీ పల్లానికి, అంటే అటువైపే పారతాయి. అందువల్ల సమ్మె చేయగలిగినవారి హక్కును కాపాడుతూనే, చేయలేనివారికి తీర్పు అందించే వ్యవస్థ కావాలి.

ఖజానా భారం అన్న అభ్యంతరం కూడా వస్తుంది. ఎన్నిక కాని తీర్పరి ప్రజాధనాన్ని ఎలా పంచుతాడని అడుగుతారు. ఆ అభ్యంతరానికి కేంద్ర ఉద్యోగుల యంత్రాంగంలోనే సమాధానం ఉంది. తీర్పును మార్చాలంటే చట్టసభ మార్చవచ్చు, సచివాలయంలోని ఫైలు కాదు. చీపురు పట్టిన మనిషికి ఇంత ఇవ్వలేమని శాసనసభలో లేచి నిలబడి, కారణాలు చెప్పి, ఓటు వేసే ధైర్యం ఉంటే వేయనివ్వండి. చాటుగా తొక్కిపెట్టే అధికారం మాత్రం ఉండరాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ సంఘ స్వేచ్ఛా కమిటీ ఈ విషయంలో స్పష్టమైన కొలమానం ఇచ్చింది. సమ్మెను నిషేధించిన చోట నిష్పాక్షికమైన, వేగవంతమైన రాజీ, మధ్యవర్తిత్వం ఉండాలి, తీర్పులు పూర్తిగా, వెంటనే అమలు కావాలి. చెత్త సేకరణను ఆ కమిటీ కచ్చితమైన అర్థంలో అత్యవసర సేవగా చూడదు కూడా. సమ్మె సుదీర్ఘమై ప్రజారోగ్యానికి ముప్పు వచ్చినప్పుడే అలా పరిగణిస్తుంది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, సమష్టి బేరసారాల హక్కులకు సంబంధించిన 87, 98 ఒడంబడికలను భారతదేశం నేటికీ ఆమోదించలేదు. ఆమోదించకపోయినా ఆ కొలమానం న్యాయమైనదే.

ఆంధ్రప్రదేశ్‌కు 1971 నుంచి సొంత అత్యవసర సేవల నిర్వహణ చట్టం ఉంది. దాన్ని సవరించే అధికారం మన శాసనసభదే. మధ్యవర్తిత్వం ఇవ్వజూపకుండా, వివాదాన్ని మండలి ముందు పెట్టకుండా ఎస్మా ప్రయోగించరాదని ఒక్క నిబంధన చేరిస్తే చాలు, ఇరుపక్షాల బరువు కొంత సరిసమానమవుతుంది. ఆ మండలిలో కార్మికులు ఎంచుకున్నవారు ఒకరు, ప్రభుత్వం ఎంచుకున్నవారు ఒకరు, ఇద్దరికీ సమ్మతమైన అధ్యక్షుడు ఒకరు ఉండాలి. 60 రోజుల్లో తీర్పు రావాలి. అప్పటిదాకా జీతం బాకీ ఉండరాదు. వేతనంతోపాటు తొడుగులు, బూట్లు, వైద్యం, పర్మినెంట్ చేయడం కూడా దాని పరిధిలో ఉండాలి. ఆప్కాస్ కార్మికులు, పంచాయతీ కార్మికులు, అంగన్‌వాడీలు, 108 సిబ్బంది అందరూ దాని గడప ఎక్కగలగాలి. అసలు యజమాని ఎవరన్న తగువుతో కాలయాపన జరగకుండా, జీతం నిధులు విడుదల చేసే శాఖే ప్రతివాది కావాలి. కోడ్ 55వ సెక్షన్‌లోని తిరస్కార అధికారాన్ని, 1997 నాటి తీర్పు వెలుగులో, పార్లమెంటు తొలగించాలి. అప్పటిదాకా మన కార్మిక సంఘాలు దాన్ని న్యాయస్థానంలో మళ్లీ ప్రశ్నించాలి.

విద్యార్థులకు ఒక మాట. రిజర్వేషన్లు, వర్గీకరణ గురించి మనం చేసే చర్చ విలువైనదే. కానీ శాశ్వత ఉద్యోగాలు తగ్గిపోతున్న చోట, మన తల్లిదండ్రులు చేస్తున్న పనిలోని వేతనం, భద్రత, గౌరవం కూడా కులనిర్మూలన చర్చలో భాగం కావాలి. మీ ఊరి పంచాయతీలో ఎందరు పారిశుద్ధ్య కార్మికులున్నారు, ఏ కులాలవారు, నెలకెంత, ఎన్ని నెలల బాకీ అన్న నాలుగు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండలి వచ్చిన రోజున దాని ముందు పెట్టాల్సిన మొదటి కాగితం అదే.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు మా పిన్నికి ఫోన్ చేశాను. పనిలో ఉంది. కూలిన కొమ్మలు తీస్తున్నారట. జీతం సంగతి అడిగాను. “ముందు ఊరు తేలనీరా, తర్వాత చూద్దాం” అంది. తుపాను తర్వాత తుపానుకు ఆమె అదే మాట చెబుతోంది. ఎనభై ఏళ్లుగా ఆమెను పని ఆపవద్దన్నవారంతా ఇతర మార్గం ఉందన్నారు. ఆ మార్గాన్ని వేయాల్సిన బాధ్యత ఆపవద్దన్నవారిదే.

వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు